కర్మాగారం ఎరుగని మనిషి

లక్షలు పోసి కొన్న దూరప్రయాణాల మోటారు సైకిలుకు మళ్ళీ కొత్త స్ప్రింగులు, కొత్త గేరు భాగాలు ఎందుకు? టేపుతో కొలిచి చూసినవారికి సమాధానం తెలుస్తుంది.

ఒక మోటారు సైకిలును సరిగా కొలవడానికి ముగ్గురు మనుషులు కావాలి. ఒకరు దాని మీద కూర్చోవాలి. చొక్కా, చెప్పులతో కూర్చుంటే చాలదు. ప్రయాణానికి బయలుదేరేటప్పుడు ధరించే దళసరి కోటు, బూట్లు, హెల్మెట్టు అన్నీ వేసుకొని, రెండు పాదాలూ ఫుట్‌రెస్టుల మీద ఉంచి కూర్చోవాలి. రెండవవారు హ్యాండిలు పట్టుకొని బండి ఒరిగిపోకుండా నిలబెట్టాలి. మూడవవారి చేతిలో టేపు ఉంటుంది. ఆయన నేల మీద మోకాళ్ళూని, వెనుక చక్రపు ఇరుసు నుంచి, దానికి సూటిగా పైన చట్రానికి అంటించిన కాగితపు ముక్క వరకు ఎంత దూరమున్నదో చూస్తాడు. అంతకుముందే, చక్రం నేలను తాకకుండా బండిని ఎత్తి ఉంచినప్పుడు, అదే దూరాన్ని ఒకసారి కొలిచి రాసిపెట్టుకొని ఉంటాడు. మొదటి కొలత నుంచి రెండవదానిని తీసివేస్తే వచ్చే సంఖ్య, మనిషి ఎక్కగానే బండి ఎంత కుంగినదో చెబుతుంది.

ఆ కుంగు 30, 40 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చింతించవలసినది లేదు. రహదారి బండ్లలో వెనుక చక్రం పైకీ కిందికీ కదలగల దూరం సాధారణంగా 120 మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అందులో మూడవ వంతు మనిషి బరువుకే పోవడం న్యాయమే. దారిలో గుంట వచ్చినప్పుడు చక్రం దానిలోకి దిగి నేలను పట్టుకొని ఉండాలంటే, దిగడానికి ఆ మేరకు చోటుండాలి గదా! కాని టేపు 55 చూపించినదనుకోండి. అప్పుడు ప్రయాణం మొదలు కాకముందే స్ప్రింగు శక్తిలో దాదాపు సగం ఖర్చయిపోయినదన్నమాట. ఇక వెనుక భార్య కూర్చుని, రెండు ప్రక్కల పెట్టెలలోనూ సామాను నింపిన తరువాత రాబోయే గతుకులకు మిగిలేది ఏమీ ఉండదు.

ఈ లెక్క అన్ని వాహనాలకూ వర్తించేదే అయినా, స్పోర్ట్ టూరింగ్ అనే తరగతి మోటారు సైకిళ్ళలో ఇది మరీ పట్టింపుకు వస్తుంది. ఆ పేరులోనే ఒక వైరుధ్యమున్నది. పందెపు బండికి బిగువైన స్ప్రింగులు, చురుకైన మలుపు కావాలి. యాత్రల బండికి మెత్తదనం, బరువు మోయగల ఓపిక, వందల కిలోమీటర్లు నడుము నొప్పి లేకుండా కూర్చోగల ఆసనం కావాలి. ఒకే యంత్రం ఈ రెండు కోరికలనూ తీర్చాలన్నది ఈ తరగతి పంతం. యమహా కంపెనీ 2001లో ఐరోపా విపణిలోకి తెచ్చిన ఎఫ్‌జెఆర్ 1300 ఇందుకు మంచి ఉదాహరణ. 1298 సి.సి. నాలుగు సిలిండర్ల ఇంజను, 25 లీటర్ల పెట్రోలు ట్యాంకు, చెయిను బదులు వెనుక చక్రానికి శక్తినందించే షాఫ్టు. నిండు ట్యాంకుతో దాని బరువు 290 కిలోల ప్రాంతం. అమెరికాలో అయన్ బట్ ర్యాలీ అనే పోటీ 1984 నుంచి ఉన్నది. పదకొండు రోజులలో సుమారు 11,000 మైళ్ళు, అంటే రమారమి 17,700 కిలోమీటర్లు నడపవలసిన ఆ కఠోర పరీక్షలో తరచుగా కనిపించే బండ్లలో ఎఫ్‌జెఆర్ ఒకటి. ఆ పోటీని నిర్వహించే సంఘంవారు సభ్యత్వానికి కోరే కనీసపు అర్హత ఇరవై నాలుగు గంటలలో వెయ్యి మైళ్ళు. హైదరాబాదులో సూర్యోదయానికి బయలుదేరి, మరునాటి సూర్యోదయానికి ఢిల్లీ చేరుకోవడం వంటిది అది.

ఇటువంటి బండిని తయారుచేసే ఇంజనీరు ముందున్న చిక్కు ఏమిటంటే, దానిని కొనబోయే మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. కొనేవాడు 60 కిలోల ఒంటరి యాత్రికుడు కావచ్చును. 100 కిలోల గృహస్థు సతీసమేతంగా బయలుదేరవచ్చును. ఇద్దరికీ ఒకే స్ప్రింగు. అందువల్ల కర్మాగారం ఎక్కడా లేని ఒక సగటు మనిషిని ఊహించుకొని, అతనికి సరిపోయే స్ప్రింగు వేస్తుంది. ఎఫ్‌జెఆర్ తొలి నమూనాలలో వెనుక స్ప్రింగు బిగువు మార్చుకోవడానికి ఒక మీట ఉండేది. దానికి రెండే స్థానాలు: మెత్తన, గట్టి. తిరుగుదెబ్బను సర్దుకోవడానికి ఒక చిన్న మరకూడా లేకపోలేదు. కాని మనుషులను రెండు రకాలుగా మాత్రమే విభజించిన ఆ మీటతో తృప్తిపడని యజమానులు ప్రపంచమంతటా వేల సంఖ్యలో తేలారు. వారివల్లనే, మూల కంపెనీతో సంబంధం లేకుండా బయట తయారయ్యే సస్పెన్షన్ భాగాలకు ఒక పెద్ద వ్యాపారం ఏర్పడినది.

స్ప్రింగు ఒక్కటే అయితే కథ సులభంగానే ఉండేది. నొక్కిన స్ప్రింగును వదిలితే అది లేచి, మళ్ళీ కుంగి, మళ్ళీ లేచి, చాలాసేపు ఊగిసలాడుతుంది. ఆ ఊపును అణచడమే షాక్ అబ్సార్బర్ పని. సైకిలు పంపు బెజ్జాన్ని వేలితో సగం మూసి పిడిని నొక్కితే చేతికి తగిలే ప్రతిఘటన అందరికీ తెలిసినదే. షాక్ అబ్సార్బర్‌లో గాలికి బదులు నూనె ఉంటుంది. సన్నని రంధ్రాల గుండా, వాటిని కప్పి ఉంచే పలుచని ఉక్కు బిళ్ళలను వంచుకుంటూ ఆ నూనె దాటవలసి వస్తుంది. దాటేటప్పుడు కదలిక వేడిగా మారిపోతుంది. గంటలకొద్దీ గతుకుల దారిలో బరువుతో నడిచిన తరువాత షాక్ అబ్సార్బర్‌ను తాకితే చేయి కాలవచ్చును. వేడికి నూనె పలచబడుతుంది, నురుగు కడుతుంది. నురుగు రాకుండా మంచి రకాలలో నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపి, దానికీ నూనెకూ మధ్య ఒక అడ్డు ఉంచుతారు.

కాలం గడిచినకొద్దీ నూనె నలుగుతుంది, వాయువు కొద్దికొద్దిగా జారిపోతుంది. స్ప్రింగు ఏళ్ళ తరబడి చెక్కుచెదరకపోయినా దానిని అదుపులో పెట్టవలసిన నూనె మాత్రం వేల కిలోమీటర్లలోనే ముసలిదవుతుంది. ప్రమాదకరమైన సంగతి ఇక్కడే ఉన్నది: ఈ క్షీణత ఒక్కనాటిలో రాదు. బల్బు మాడిపోయినట్లు, టైరు పగిలినట్లు తెలియపరచదు. మనిషి తనకు తెలియకుండానే దానికి అలవాటు పడిపోతాడు. మలుపు దగ్గర ఏడాది క్రితం కంటె కొంచెం ముందుగా వేగం తగ్గిస్తాడు. రోడ్డు పాడైపోయినదంటాడు, వయసు మీద పడుతున్నదంటాడు. ఆ తరువాత ఒకనాడు, తడిసిన కొండదారి మలుపులో ఎదురుగా లారీ కనిపించి, వెనుక భార్యతో, నిండిన పెట్టెలతో గట్టిగా బ్రేకు వేయవలసి వస్తుంది. ఆ క్షణంలో చక్రం నేలను వదలి ఒక్క గెంతు గెంతితే, ఆ గెంతినంతసేపూ బ్రేకు లేనట్లే. సస్పెన్షన్ సుఖం కోసమే అనుకోవడం పొరపాటు. టైరును నేలకు అంటిపెట్టి ఉంచడం దాని మొదటి బాధ్యత, నడుమును కాపాడడం రెండవది.

పాతబడిన షాక్ అబ్సార్బర్‌ను విప్పి, నూనె మార్చి, మళ్ళీ బిగించవచ్చునా? బయటి కంపెనీల మేలురకాలకు ఇది మామూలు పని. కొన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి చేయించుకోవలసినదని వారే చెబుతారు. బండితో వచ్చేవి మాత్రం చాలావరకు శాశ్వతంగా మూసివేసినవి. ఉన్నంతకాలం వాడుకొని పారవేయడమే. కొత్తది కొనేవారిలో చాలామంది ఇందుకే కొంటారు.

ఈ వ్యాపారంలో పేరుమోసిన స్వీడన్ కంపెనీ ఓలిన్స్. మోటోక్రాస్ పోటీలలో పాల్గొనే కెంత్ ఓలిన్ అనే యువకుడు 1976లో దానిని స్థాపించాడు. బురదలో, మిట్టలపై దూకే బండ్ల కోసం మొదలైన ఆ విద్య క్రమంగా రహదారులకు ఎక్కినది. ఇందులో ఒక వినోదమున్నది. 1987 నుంచి 2007 వరకు ఓలిన్స్‌లో అధిక వాటా యమహాదే. అంటే ఎఫ్‌జెఆర్ కొని, దాని షాక్ అబ్సార్బర్ నచ్చక ఓలిన్స్ తెప్పించుకున్న ఆనాటి యజమాని తన అసంతృప్తిని కూడ యమహా ఇంటివారికే చెల్లించాడన్నమాట! ఆ తరువాత చేతులు మారుతూ వచ్చిన ఆ కంపెనీ 2025లో బ్రేకుల తయారీకి ప్రసిద్ధమైన ఇటలీ సంస్థ బ్రెంబో పరమయినది.

ఇటువంటి భాగాన్ని ఆర్డరు చేసేవారికి ముందుగా కొన్ని ప్రశ్నలు ఎదురవుతాయి. మీ బరువెంత, దుస్తులతో సహా? వెనుక ఎవరైనా కూర్చుంటారా, ఎంత తరచుగా? సామాను ఎంత? బండిని కర్మాగారం ఎన్నడూ అడగని ఈ ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి స్ప్రింగును ఎంచుతారు. డాక్టరు దగ్గర వయసు దాచినట్లు ఇక్కడ బరువు దాచేవారు నష్టపోయేది తమ డబ్బే. స్ప్రింగు కాగితం మీది మనిషిని మోయదు, కూర్చున్న మనిషిని మోస్తుంది.

స్ప్రింగు విషయంలో ఒక భ్రమ బహుళ ప్రచారంలో ఉన్నది. మర తిప్పి స్ప్రింగును బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. నిజానికి గట్టిపడదు. ఒక మిల్లీమీటరు కుంగడానికి నిన్న ఎంత బరువు కావలసి వచ్చినదో నేడూ అంతే కావాలి. మర తిప్పడం వల్ల బండి ఎత్తు మాత్రమే మారుతుంది, అంటే కుంగడం ఎక్కడి నుంచి మొదలు కావాలన్నది మారుతుంది. అందుకే అనుభవజ్ఞులు రెండు కొలతలు తీసుకుంటారు. ఒకటి మనిషి కూర్చున్నప్పటిది, రెండవది బండి తన బరువుకే కుంగినది. మరను తిప్పి తిప్పి మొదటి కొలతను సరిగా 35 మిల్లీమీటర్లకు తెచ్చారనుకోండి. తరువాత మనిషి దిగితే బండి బొత్తిగా కుంగకుండా, పైకంటా లేచి బిర్రబిగిసి నిలబడినదనుకోండి. చూపులకు స్ప్రింగు మరీ గట్టిదనిపిస్తుంది. వాస్తవం దానికి విరుద్ధం. స్ప్రింగు మరీ మెత్తనిది కాబట్టే, మనిషిని మోయించడానికి దానిని అంతగా బిగించవలసి వచ్చినది. ఈ చిన్న తర్కం తెలియక మెత్తని స్ప్రింగును ఇంకా మెత్తనిదానితో మార్చి, ఎందుకు బాగుపడలేదని వాపోయినవారున్నారు.

కొలతల తరువాతనే కొనుగోలు. టైర్లలో గాలి సరిగా ఉన్నదా? ఉన్న మరలు ఎంతవరకు తిరుగుతాయో తిప్పి చూశారా? గోటితో పోయేదానికి గొడ్డలి అక్కరలేదు. స్ప్రింగు సరిపడకుండా ఖరీదైన షాక్ అబ్సార్బర్‌ను బిగించడం పునాది వేయకుండా గోడలకు రంగు వేయడమే. వెనుక భాగం ఒకటే మార్చి ఊరుకుంటే మరొక సంగతి బయటపడుతుంది. అంతవరకు వెనుక ఊపులో కలిసిపోయిన ముందరి ఫోర్కుల బలహీనత ఇప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. బ్రేకు వేయగానే ముక్కు నేలకు దిగిపోతున్నట్లుంటుంది. అప్పుడు ఫోర్కులకూ స్ప్రింగులు, కవాటాలు తెప్పించాలి. ఖర్చు ఇలా ఒకదానినుంచి మరొకదానికి పాకుతుంది.

ఎత్తు సంగతి ఇంకా సున్నితమైనది. కొత్త షాక్ అబ్సార్బర్ పాతదానికంటె కొద్ది మిల్లీమీటర్లు పొడవైనా బండి వెనుక భాగం లేచి, ముందరి ఫోర్కు నిటారవుతుంది. మలుపులలో చురుకుదనం వస్తుంది. మొదటి రోజు యజమాని మురిసిపోతాడు. అదే బండి రహదారి మీద వేగం పుంజుకున్నప్పుడు, నిండు పెట్టెలతో, ప్రక్కగాలి కొట్టినప్పుడు హ్యాండిలు తేలికపడి వణకడం మొదలు పెట్టవచ్చును. ఒక గుణాన్ని కొంటే మరొకటి చెల్లించవలసిందే. అందువల్ల ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేసి, మర ఎన్ని గడులు తిప్పినదీ పుస్తకంలో రాసుకొని, తెలిసిన దారిలోనే నడిపి చూడాలని అనుభవజ్ఞులు పట్టుబడతారు. రాసుకోనివారు నాలుగు రోజులలో దారి తప్పి, తిరిగి మొదటి స్థానానికి రావడానికి కూడ ఆధారం లేక నిలిచిపోతారు.

గేర్ల కథ వేరు. సస్పెన్షన్‌లో మనిషి బరువు ప్రధానమైతే, ఇక్కడ మనిషి ఎడమ పాదమే ప్రధానం. రోజంతా నడిపినవారి పాదం కొన్ని వందలసార్లు ఆ మీటను ఎత్తుతుంది, దించుతుంది. మీట కదిలినప్పుడల్లా ఇంజను లోపల ఒక డోలు కొద్దిగా తిరుగుతుంది. దాని మీద చెక్కిన గాడులలో నడిచే కొంకులు గేరు చక్రాలను ప్రక్కలకు జరుపుతాయి. డోలు చివర నక్షత్రాకారపు బిళ్ళ, దాని గంట్లలో కూర్చునే చిన్న రోలరు, ఆ రోలరును ఒత్తి ఉంచే స్ప్రింగు ఉంటాయి. రోలరు గంటులో దిగినప్పటి 'టక్'మన్న స్పర్శే పాదానికి గేరు పడినదని చెప్పే కబురు. అది దిగీ దిగకుండా రెండు గంట్ల నడుమ కొనమీద ఆగితే, గేరు పడినట్లే ఉండి పడదు. కొండమీద ముందరి లారీని దాటబోతూ ఇంజను గొంతెత్తి అరవడం, బండి మాత్రం ముందుకు సాగకపోవడం ఎంత భయంకరమో అనుభవించినవారికి తెలుసు.

అనేక జపాను బండ్లకు ఈ నక్షత్రపు బిళ్ళను, రోలరు చేతిని కొత్త రూపంలో చేసి అమ్మేవారున్నారు. గంట్ల వాలు మార్చడం వల్ల రోలరు కొనమీద ఆగలేక ఏదో ఒక గంటులోకి జారుతుంది. రోలరు లోపల బేరింగు ఉండడం వల్ల రాపిడి తగ్గుతుంది. మార్పు చిన్నదే, పాదానికి తెలిసే తేడా పెద్దది. అయితే దీనిని చేరుకోవాలంటే చాలా ఇంజన్లలో క్లచ్చి మూత విప్పి, క్లచ్చిని బయటికి తీయవలసి ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు ప్రతి బోల్టుకూ నిర్ణీతమైన బిగువున్నది. 'చేతి అంచనా' పనికిరాదు. మరొక హెచ్చరిక: గేరు చక్రాల పళ్ళే అరిగి, బరువు పడినప్పుడల్లా గేరు జారిపోతుంటే, బయటి బిళ్ళ మార్చినందువల్ల ప్రయోజనం లేదు. అటువంటి బండిని పూర్తిగా విప్పవలసిందే.

అన్నిటికంటె చౌకైన గేరు మరమ్మతు ఏమిటో వింటే నవ్వు వస్తుంది: ఇంజను ఆయిలు మార్చడం. జపాను బండ్లలో చాలావాటికి ఇంజనుకూ గేర్లకూ ఒకటే ఆయిలు. అది నలిగినప్పుడు మొదట ఫిర్యాదు చేసేది గేరు మీటే. పాత ఎఫ్‌జెఆర్‌ల యజమానులు మరొక గృహవైద్యం కనిపెట్టారు. పొద్దున్నే మొదటి గేరు వేయగానే 'ధన్'మని బండి ఉలిక్కిపడుతుంటే, క్లచ్చి పలకలను ఊడదీసి, రాత్రంతా పప్పు నానబోసినట్లు ఇంజను ఆయిలులో నానబెడతారు. తెల్లవారి తిరిగి అమర్చితే ఆ ఉలికిపాటు తగ్గుతుంది.

ఎంత ఖర్చుపెట్టినా బయట దొరకనిది ఒకటుండేది. 2001 నుంచి 2015 వరకు ఎఫ్‌జెఆర్‌కు ఐదు గేర్లే. విశాలమైన రహదారి మీద ఐదవ గేరులో పోతూ, ఇంజను ఇంకొంచెం నెమ్మదిగా తిరిగితే బాగుండునని, లేని ఆరవ గేరు కోసం మీటను మళ్ళీ మళ్ళీ ఎత్తని యజమాని అరుదు. గేర్లు ఇంజను పెట్టెలోనే ఇమిడి ఉంటాయి గనుక, ఈ కోరికను స్ప్రింగు మార్చినట్లు మార్చి తీర్చుకోవడం సాధ్యం కాలేదు. మధ్యలో 2006లో యమహా మరొక దారి చూపింది. క్లచ్చి మీట అసలే లేకుండా, పాదంతో గాని చేతివేళ్ళతో గాని గేరు మార్చితే క్లచ్చి పనిని కంప్యూటరే చూసుకొనే నమూనాను విడుదల చేసింది. కొందరు ముచ్చటపడ్డారు, తమ చేతిలోని విద్యను యంత్రం లాగుకొన్నదని కొందరు చిన్నబుచ్చుకున్నారు. చివరకు 2016 నమూనాతో ఆరవ గేరు వచ్చింది. అంతకుముందే కొన్ని నమూనాలకు మీట బదులు బటను నొక్కి సర్దుకొనే ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ కూడ వచ్చి ఉన్నది. ఒక మనిషా ఇద్దరా, సామాను ఉన్నదా లేదా అని ఆ బండి హ్యాండిలు దగ్గరి తెర మీద బొమ్మలు చూపి అడుగుతుంది.

మన దేశంలో ఇటువంటి మార్పులు తలపెట్టేవారు చట్టాన్ని కూడ చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలతో రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు విభేదించే విధంగా వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఈ సంగతిని గట్టిగా చెప్పింది. అరిగిన భాగానికి బదులు అదే కొలతల భాగం వేయడం ఒకటి, బండి రూపురేఖలు మార్చడం మరొకటి. ఏది ఏ కోవకు వస్తుందో ఖర్చుకు ముందే విచారించుకోవడం మేలు.

అయినా టేపు పట్టుకోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు, పెద్ద బండే ఉండాలన్న నియమమూ లేదు. మన వీధులలో తిరిగే మామూలు మోటారు సైకిళ్ళను ఒకసారి పరికించి చూడండి. చాలావాటి వెనుక స్ప్రింగుల కింద మెట్లు మెట్లుగా చెక్కిన ఒక ఉంగరం కనిపిస్తుంది. కొన్నిటికి ఐదు మెట్లుంటాయి. దానిని తిప్పడానికి కొడవలిలా వంగిన ఒక పానాను కొన్ని కంపెనీలు బండితోనే ఇస్తాయి. షోరూమునుంచి వచ్చిన నాటి సంచీలోనే అది తుప్పు పట్టుతూ ఉంటుంది. రోజూ ఒంటరిగా ఆఫీసుకు వెళ్ళే గృహస్థు, పండుగకు భార్యనూ బిడ్డనూ సంచులనూ ఎక్కించుకొని చీకటిపడేవేళ ఊరికి బయలుదేరుతాడు. బండి వెనుక భాగం కుంగుతుంది, ముందుభాగం లేస్తుంది, దీపపు వెలుగు రోడ్డును వదలి చెట్ల కొమ్మలను వెతుకుతుంది. ఎదురుగా వచ్చేవారు కళ్ళు చిట్లించి తిట్టుకుంటారు. ఆయన ఒక్క నిమిషం ఆగి, ఆ పానాతో రెండు ప్రక్కలా ఉంగరాన్ని సమానంగా రెండు మెట్లు పైకి తిప్పితే, వెలుగు కొమ్మలమీదినుంచి దిగి మళ్ళీ రోడ్డు మీదికి వస్తుంది.